సెయింట్ క్లెయిర్ ఒడ్డున చెక్క పడవ

మేం కాపురం ఉంటున్న చోటికి కాస్త దిగువన, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అని చిన్న ఊరు ఉంది. ఇవతలి గట్టు మిషిగన్, అవతలి గట్టు కెనడా. ఇనుప ఖనిజం మోసే ఓడలు, వాటిలో కొన్ని వెయ్యి అడుగుల పొడవువి, ఇళ్ళ పెరళ్ళ పక్కనుంచే పోతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వంటింటి కిటికీలోంచి చూసి ఉలిక్కిపడతారు. క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన ఈ ఊళ్ళోనే బాతుల వేటకు వచ్చేవాళ్ళకు దారి చూపిస్తూ, పడవలు చేసిపెడుతూ మొదలుపెట్టి, 1922లో కొడుకులతో కలిసి కంపెనీ పెట్టాడు. 1930లో దానికి క్రిస్-క్రాఫ్ట్ అని పేరు స్థిరపడింది. అమెరికాలో మధ్యతరగతి సంసారి కూడా సరస్సు మీద షికారుకి సొంత మోటారు పడవ కొనుక్కోవచ్చు అనే ఆశ పుట్టించినవాళ్ళలో ఆ తండ్రీకొడుకులది ముందు వరస.

ఆ కార్ఖానాలో పనిచేసినవాడి కొడుకే మా పక్కింటి పెద్దాయన. తను మాత్రం కార్ల విడిభాగాలకు అచ్చులు చేసే పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యాడు. నేను ఒక కార్ల కంపెనీలో రంగుల విభాగంలో పనిచేస్తాను. మా ఇద్దరికీ మాట కలిపింది వార్నిష్. మేం ఈ ఇంట్లో దిగిన ఏడాది, ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆయన గరాజ్ వైపు నుంచి వాసన వచ్చింది. కార్లకు కొట్టే క్లియర్‌కోటు వాసన అయితే ముక్కు మాడిపోతుంది. ఇది నూనె వాసన. కాకినాడ దగ్గర తాళ్ళరేవు మా అమ్మమ్మగారి ఊరు. అక్కడ పడవలు కట్టే గట్టు మీద గుగ్గిలం, నూనె కాస్తుంటే వచ్చే వాసన గుర్తొచ్చింది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కుంచె ఆపకుండానే, "లోపలికి వస్తే రా, తలుపు మాత్రం వేసెయ్. దుమ్ము" అన్నాడు. మా పెయింట్ షాపులో రోజూ నేను అందరికీ చెప్పే మాట అది.

ఆయన ముందు ఉన్నది ఇంజను మీద కప్పే మూత. అసలు పడవ వెనక కొట్టంలో, చక్రాల బండి మీద ఉంది. 1948 నాటి 17 అడుగుల క్రిస్-క్రాఫ్ట్ షికారు పడవ, డీలక్స్ రనబౌట్ రకం. మహాగని పలకలు. అవి నిజమైన మహాగని కాదని, ఫిలిప్పీన్స్ మహాగని అనే పేరుతో అమ్మిన వేరే జాతి కలప అని ఆయనే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తల్లో ఆ కలప కూడా చాలినంత దొరక్క కొన్ని పడవలకు సెడార్ పలకలు వేసి తెల్లరంగు పూసి అమ్మారట. ఈయన పడవకు ఆ అవస్థ పట్టలేదు. పక్కలు, డెక్కు అసలు పలకలే. ఎండకి వెలిసి, వార్నిష్ పొలుసులుగా లేచిపోయినా, కింద చెక్క గట్టిగా ఉంది. పోయింది అడుగు.

అడుగు ఎందుకు పోయిందో చూపించడానికి ఆయన నా చేతికి ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి, "ఇక్కడ పొడువు" అన్నాడు. పొడిచాను. బలం పెట్టకుండానే పిడి దాకా దిగింది. ఎన్నేళ్ళ కిందటో పాత యజమానుల్లో ఒకరు నీళ్ళు కారుతున్నాయని చెక్క అడుగు మీద ఫైబర్‌గ్లాసు అతికించారు. బయటినుంచి నీళ్ళు రావడం ఆగింది. లోపల పడ్డ వాన నీళ్ళు బయటికి పోవడం కూడా ఆగింది. చెక్క పడవకు సరస్సు నీళ్ళ కంటే వాన నీళ్ళే గండం. డెక్కు కీళ్ళలోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలిచి, బూజు పట్టించి కుళ్ళబెడతాయి. నీటిలో నానుతున్న పలక ఎన్నో ఏళ్ళు ఉంటుంది, నీటి మీద కప్పు కింద మగ్గిన పలక ముందు పోతుంది. ఈ సంగతి తాళ్ళరేవులో పడవ కట్టే మేస్త్రీలకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు మాత్రం మిషిగన్‌లో తెలిసింది.

అలా శనివారాలు ఆయన కొట్టంలో గడవడం మొదలైంది. మా ఆయన మొదట్లో "ఇంట్లో గోడలకు రంగు వెయ్యాలి, అది వదిలేసి పొరుగింటి పడవకా" అని గునిసినా, తర్వాత ఇంజను దగ్గర ఆయనే కూర్చున్నాడు. ఆరు సిలిండర్ల ‘కె’ ఇంజను, 95 గుర్రాలు. దిమ్మ ఒహాయోలోని హెర్క్యులస్ కంపెనీది. దాన్ని నీళ్ళ మీద పనికొచ్చేట్టు మలిచి క్రిస్-క్రాఫ్ట్ తన పేరు వేసుకుంది.

మొదటి పని విప్పడం. విప్పేముందు పడవ ఒళ్ళు వంగిపోకుండా లోపల అడ్డకర్రలు కొట్టి బిగించాలి. అడుగు తీసేస్తే నడుం విరిగినట్టే, ఆకారం ఎటు జారుతుందో తెలియదు. తర్వాత పట్టీలు వేసి, వీధిలోవాళ్ళందరినీ పిలిచి, పడవను బోర్లా తిప్పాం. స్క్రూల తలలన్నీ చెక్క బిళ్ళల కింద దాక్కుని ఉంటాయి. ఒక్కో బిళ్ళను సన్న ఉలితో పగలగొట్టి తీస్తే కింద ఇత్తడి స్క్రూ. ఇత్తడి అనాలి గానీ చాలావాటి రంగు గులాబీకి తిరిగింది. ఇత్తడిలోని జింకు నీళ్ళలో కరిగిపోయి ఉత్త రాగి గుల్ల మిగిలింది. స్క్రూడ్రైవర్ ఆనించగానే తల రాలిపోయేది. కొత్తగా వేసినవి సిలికాన్ కంచువి. ఖరీదు ఎక్కువే. ఇక్కడ పిసినారితనం చేస్తే మిగిలిన పనంతా దండగ అన్నాడు పెద్దాయన, నిజమే.

ఒక సీటు వెనక పలక ఊడదీసి తిప్పినప్పుడు పెన్సిలుతో రాసిన అంకెలు కనపడ్డాయి. పడవ నంబరు. కార్ఖానాలో ఏ ముక్క ఏ పడవదో కలిసిపోకుండా పనివాళ్ళు రాసుకున్నది. డెబ్బై ఏళ్ళ నాటి పెన్సిలు గీత, వేలు తగిలితే చెరిగేలా ఉంది. పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు. అది వాళ్ళ నాన్న చేతిరాత అని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఆ నంబరు పట్టుకుని నేను వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్‌లోని మెరైనర్స్ మ్యూజియానికి రాశాను. క్రిస్-క్రాఫ్ట్ పాత కాగితాలు అక్కడే భద్రపరిచారు. ఒక్కో పడవకు ఒక్కో కార్డు ఉంటుంది. మాకు వచ్చిన నకలులో పడవ ఏ రోజు కార్ఖానా గుమ్మం దాటింది, ఏ వర్తకుడికి పంపారు, ఏ నంబరు ఇంజను బిగించారు, అన్నీ ఉన్నాయి. మా ఆయన టార్చి పట్టుకుని ఇంజను పక్కన నంబరు చదివాడు, నేను కార్డు మీది నంబరు చదివాను. రెండూ ఒకటే. ఇంతమంది యజమానుల చేతులు మారినా ఇంజను మారలేదు. ఆ రాత్రి ముగ్గురం చాలా పొద్దుపోయేదాకా కొట్టంలోనే ఉన్నాం.

అలాంటి రాత్రుల్లోనే పాత కబుర్లు. గార్ వుడ్ సంగతి అప్పుడే విన్నాను. లారీల తొట్టెను పైకి లేపే హైడ్రాలిక్ జాకీ కనిపెట్టి డబ్బు గడించినవాడు, ఆ డబ్బంతా పడవ పందాల్లో పోశాడు. స్మిత్ కట్టిన మిస్ అమెరికాతో 1920లో ఇంగ్లండు వెళ్ళి హార్మ్స్‌వర్త్ ట్రోఫీ పట్టుకొచ్చాడు. 1932లో ఇదిగో ఈ నది మీదే, నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు పెట్టిన మిస్ అమెరికా టెన్‌ను గంటకు 124 మైళ్ళు దాటించాడు. యుద్ధకాలంలో క్రిస్-క్రాఫ్ట్ వాళ్ళు షికారు పడవలు ఆపేసి సైనికుల్ని తీరానికి చేర్చే పడవలు వేల కొద్దీ కట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుని మా పెద్దాయన పడవ లాంటివి కొనుక్కున్నారు. తర్వాత ఫైబర్‌గ్లాసు వచ్చింది. 1971 తర్వాత క్రిస్-క్రాఫ్ట్ చెక్క పడవ కట్టలేదు. ఏటా వార్నిష్ గీకి పూసే ఓపిక ఎవరికుంది, ఆ కాలంలో వేలాది పడవల్ని ఉత్తినే తగలబెట్టారు అని చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు మారింది.

అడుగు కట్టే విషయంలో మాకు వాదన జరిగింది. క్రిస్-క్రాఫ్ట్ అడుగు రెండు పొరలది. లోపల సన్న పలకలు ఏటవాలుగా, వాటి మీద మందు పట్టించిన కాన్వాసు గుడ్డ, దాని మీద మందమైన పలకలు పడవ పొడవునా. చెక్క నీటిలో ఉబ్బి, పలకకు పలక ఒత్తుకుని, కీళ్ళు మూసుకుంటాయి. ఇప్పుడు ఎక్కువమంది ఆ గుడ్డ బదులు మెరైన్ అడ్హెసివ్ పూసి పలకలు బిగిస్తున్నారు. చుక్క నీరు రాదు. వారానికోసారి బండి మీద తెచ్చి నీళ్ళలో దింపి సాయంత్రానికి ఎత్తుకుపోయేవాళ్ళకు అదే హాయి, నేను కాదనను. నేను అదే వేద్దామన్నాను. జిగురు పట్టు, ఉష్ణోగ్రత, ఎండే సమయం అన్నీ నాకు తెలిసిన లెక్కలే కదా. పెద్దాయన నా మాటంతా విని, "బాగానే ఉంటుంది. నలభై ఏళ్ళ తర్వాత ఒక పలక మార్చాల్సి వస్తే?" అన్నాడు. ఆ జిగురు ఊడదు. పలక తీయాలంటే పక్క పలక చీలుతుంది, పక్కటెముక చెదురుతుంది. గుడ్డ, స్క్రూల పద్ధతిలో అయితే మనం విప్పినట్టే ఆ వచ్చేవాడూ విప్పుకుంటాడు. ఈ పడవను మనం విప్పగలిగామంటే 1948లో కట్టినవాళ్ళు విప్పే వీలు ఉంచారు కాబట్టే. ఫైబర్‌గ్లాసు పూసినవాళ్ళు ఆ వీలు తీసేశారు. నేను పట్టుబట్టడానికి ఇంకేం మిగల్లేదు. పాత పద్ధతిలోనే కట్టాం. అప్పటినుంచి ఏ మరమ్మతు చూసినా, అది పడవైనా పాత ఇల్లైనా, నేను ముందు చూసేది ఇదే. తర్వాత వచ్చేవాడు దాన్ని విప్పగలడా?

పక్కటెముకలకు, అడుగుమానుకు వైట్ ఓక్. రెడ్ ఓక్ చవక కదా అన్నాడు మా ఆయన. పెద్దాయన మాట్లాడకుండా రెండు పుల్లలు కోసుకొచ్చాడు, జానెడు పొడవువి, చూపుకి ఒకలాగే ఉన్నాయి. గ్లాసులో నీళ్ళు పోసి, రెడ్ ఓక్ పుల్ల ఒక కొస ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. నీళ్ళలో బుడగలు! పుల్ల పొడవునా సన్నటి గొట్టాలు తెరుచుకుని ఉంటాయన్న మాట, నీళ్ళు కూడా ఆ దారినే ఎక్కుతాయి. వైట్ ఓక్ పుల్లను బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదినా ఒక్క బుడగ రాలేదు. మా అబ్బాయి ఆ రెండు పుల్లలూ బడికి పట్టుకెళ్ళి క్లాసులో చూపించాడు.

ముక్కు దగ్గర అడుగు పలకలు నిలువు నుంచి మెలి తిరిగి లోపలికి ఒదగాలి. పొడి పలక ఆ మెలికకు లొంగదు, విరుగుతుంది. చెక్కతో పొడవాటి పెట్టె చేసి, ఒక చివర నుంచి ఆవిరి పంపి, కుడుములు ఉడికించినట్టు పలకను ఉడికించాలి. అంగుళం మందానికి గంట అని లెక్క. బయటికి తీశాక నిమిషం కూడా టైము ఉండదు. తోలు చేతి తొడుగులతో నేనొక కొస, పెద్దాయనొక కొస పట్టుకుని పరుగు. ఒక చోట క్లాంపు బిగించి, రెండో కొసను ఒంటి బరువంతా వేసి తిప్పుతుంటే పలక మెత్తగా, బరువుగా, చెప్పిన మాట విన్నట్టు తిరిగింది. చల్లారాక అదే ఆకారంలో ఉండిపోయింది. ఇంత గట్టి చెక్క చేతుల్లో అలా లొంగడం నేను అంతకుముందు ఎరగను. ఆ పలక లోపలి మొహం మీద తారీఖు, కలప జాతి, స్క్రూల రకం పెన్సిలుతో రాసి, పైన రంగు వేయకుండా ఆ జాగా వదిలాం.

రంగు దగ్గరికి వచ్చేసరికి పెత్తనం నాది. పాత వార్నిష్ గీకాక చెక్క తెల్లబోయి ఉంటుంది. ముద్దలాంటి స్టెయిన్‌ను చెక్క రంధ్రాల్లోకి కూరాలి. పూసి, మెరుపు తగ్గి మసకబారే క్షణం కోసం కనిపెట్టుకుని ఉండి, గోనెగుడ్డతో చారలకు అడ్డంగా తుడవాలి. చారల వెంట తుడిస్తే రంధ్రాల్లోంచి బయటికి లాగేస్తుంది. ముందే తుడిస్తే రంగు నిలవదు, ఆలస్యమైతే బండబారి గుడ్డకు రాదు. ఫ్యాక్టరీలో ఈ నిర్ణయాలు యంత్రాలు తీసుకుంటాయి, నేను తెర మీద అంకెలు చూస్తాను. ఇక్కడ వంగి, వెలుతురు పడే వాలులో తల పెట్టి, కంటితో పట్టుకోవాలి. తర్వాత వార్నిష్, పూత మీద పూత, మధ్యలో ఎండాక సాన పట్టడం. నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళం దుమ్ము లేవకుండా. పూతలు పెరిగే కొద్దీ చెక్క లోపలినుంచి వెలుగు వస్తున్నట్టు అయింది. అంత లోతు స్ప్రే చేసిన ఏ కారు మీదా నేను చూడలేదు. వృత్తిరీత్యా చెబుతున్నాను.

స్క్రూల మీద కొట్టే బిళ్ళల గురించి ఒక మాట. గుండ్రటి చెక్క బిళ్ళ ఎలా కొట్టినా కన్నం మూసుకుంటుంది. అయినా పెద్దాయన ఒక్కో బిళ్ళనూ వెలుతురుకి పెట్టి చూసి, దాని చార పలక చారతో కలిసేలా తిప్పి, అప్పుడు కొట్టేవాడు. వందల బిళ్ళలు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే పని, తల ఎత్తకుండా. నది మీద పోతూ ఎవరు చూస్తారు ఇది? కానీ ఒక్క బిళ్ళ అడ్డంగా తిరిగినా కన్ను అక్కడే ఆగుతుందని పూత పడ్డాక నాకే తెలిసింది.

పడవను నీళ్ళలో దింపే ఎండాకాలానికి మా అమ్మ కాకినాడ నుంచి వచ్చి ఉంది. పట్టీల మీద వేలాడుతూ పడవ నీళ్ళను తాకింది. తాకగానే కీళ్ళన్నిటి లోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. పంపు వేశాం. పట్టీలు వదలకుండా అలాగే ఉంచాం. గట్టు మీద కుర్చీలో కూర్చున్న అమ్మ కంగారుగా లేచి, "ఏమే, అంత కష్టపడి చేసి ఆయన పడవని ముంచేసుకుంటున్నాడేమిటే!" అంది. చెక్క ఉబ్బేదాకా అంతేనమ్మా అని చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, "ఓహో, నానబెడుతున్నారా. మన తాళ్ళరేవులో ఎండకి బీటలిచ్చిన నావని కాలవలో ముంచి ఉంచేవాళ్ళుగా" అని తేలిగ్గా మళ్ళీ కూర్చుంది. నేను ఆమె మాటను ఇంగ్లీషులో చెబితే పెద్దాయన అమ్మకు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. మర్నాడు పొద్దున్నకి పంపు ఆగి ఆగి తిరుగుతోంది. ఆ మర్నాటికి దాదాపు పొడి.

ఇంజను తిప్పే ముందు మూత ఎత్తి వాసన చూడాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున చేరుతుంది, నిప్పు రవ్వ చాలు. ఫ్యాన్ వేసి ఆ గాలిని బయటికి పంపాక మా ఆయన తాళం తిప్పాడు. ఒక దగ్గు, రెండో దగ్గు, తర్వాత ఆ లోతైన బొంగురు చప్పుడు నిలబడింది. నదిలోకి వెళ్ళాం. ఫైబర్‌గ్లాసు పడవ అల మీద పడితే డబ్బా కొట్టినట్టు మోగుతుంది. ఇది అలను కోసుకుని దిగుతుంది, దెబ్బ ఒంటికి తెలియదు. ఎదురుగా ఖనిజం ఓడ ఒకటి వస్తోంది. దాని అలను ఎలా ఎక్కాలో, ఎప్పుడు వేగం తగ్గించాలో పెద్దాయన నా చేతుల మీద చేతులేసి చూపించాడు. గట్టు మీద జనం చేతులు ఊపారు. ఆ చెక్క మెరుస్తుంటే ఊపకుండా ఉండలేరనుకుంటాను.

తర్వాతి ఏడాది ఆగస్టులో హెసెల్ వెళ్ళాం. మాకినా వంతెన దాటాక, హ్యూరన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున లే షెనో దీవుల దగ్గరి చిన్న ఊరు. 1925లో క్రిస్-క్రాఫ్ట్ మొట్టమొదటి ఏజెన్సీ తీసుకున్న మెర్టా బోట్ వర్క్స్ ఆ ఊరిదే. 1970ల చివర్లో మొదలైన పాత చెక్క పడవల ప్రదర్శన ఏటా అక్కడే జరుగుతుంది. రేవు పొడవునా మహాగని. హ్యాకర్ కంపెనీ పడవలు, గార్ వుడ్ పడవలు, తెడ్లతో వేసేవి, తెరచాపవి. యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ లెక్కలో పక్కలు, డెక్కు కనీసం 60 శాతం అసలు కలప మిగిలి ఉంటే ఆ పడవ ‘కాపాడినది’, అంతకు తక్కువైతే ‘పునరుద్ధరించినది’. అడుగు ఆ లెక్కలోకి రాదు. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది. అడుగు అరిగేదే, మార్చేదే. పక్కల మీది చెక్కే ఆ పడవ పుట్టినప్పటి మొహం. అద్దంలా మెరిసే పడవలు అక్కడ చాలా ఉన్నాయి, కొన్ని కొత్త చెక్కతో అచ్చంగా పాతవాటిలా చేసినవి. అవి అందంగానే ఉన్నాయి. కానీ పక్క పలక మీద పాత రేవు స్తంభం రాసుకున్న గీత వార్నిష్ కింద కనిపించే పడవ దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

పక్క ఊరు సీడర్‌విల్‌లో చెక్క పడవలు కట్టడం నేర్పే బడి ఉంది. అక్కడి పిల్లలు కొందరు మా పడవ చుట్టూ చేరారు. ఒక అమ్మాయి నేల మీద పడుకుని రేవు సందులోంచి పక్క కీళ్ళు చూసి, "అడుగు గుడ్డతోనే కట్టారా?" అని పెద్దాయనను అడిగింది. ఆయన ముఖంలో ఆ సంతోషం చూడాల్సిందే. మిగిలిన మధ్యాహ్నమంతా ఆ పిల్లలతోనే. బహుమతుల సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు సహకరించడం లేదు. వంగే పని మాది, చూసి చెప్పే పని ఆయనది. చలి ముదిరేలోగా ఇంజనులో నీళ్ళన్నీ దించేస్తాం, లేకపోతే గడ్డకట్టి దిమ్మ పగులుతుంది. పైన కప్పు గాలి ఆడేలా ఎత్తి కడతాం. వచ్చే ఏప్రిల్‌లో వెనక పలక వార్నిష్ గీకి మళ్ళీ వేయాలి. దాని మీద పేరుకి పాత పద్ధతిలో బంగారు రేకు అద్దే మనిషి కోసం వెతుకుతున్నాం. స్టిక్కరు అతికిద్దామని మా అబ్బాయి అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. టొలీడో వైపు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు, ఆదివారం వెళ్ళి కలవాలి.